మసీరాకి ఏ పడవో బూందీ తేల్చింది

కుక్కని, మోటార్‌హోమ్‌ని వెంటేసుకుని మసీరా దీవికి వెళ్దామనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నిజానికి మేం షికారుకి వెళ్లలేదు, అప్పగింతకి వెళ్లాం. అప్పగించాల్సిన శాల్తీ పేరు బూందీ. తెల్లటి ఒళ్లు, ఆ ఒంటి మీద ఎవరో గుప్పెడు బూందీ విసిరినట్టు పసుప్పచ్చ చుక్కలు. యజమానురాలు రూతమ్మక్క, నర్సాపురం మనిషి, నర్సు. మస్కట్‌లో, అల్ హైల్‌లో మా ఎదురు ఫ్లాట్‌లో ఉండేది. ఏడు నెలల కిందట ఆవిడకి మసీరా ఆసుపత్రికి బదిలీ అయింది. అక్కడ మొదట ఇచ్చిన రూమ్‌లో కుక్కని ఉంచుకోనివ్వరని, "రెండు వారాలు చూసుకో తమ్ముడూ" అని గొలుసు నా చేతిలో పెట్టి వెళ్లింది. ఆ రెండు వారాలే ఏడు నెలలయ్యాయి.

ఈద్ సెలవులకి వారం ముందు ఫోన్ చేసింది. "ఒరే సత్తీ, ఇల్లు దొరికిందిరా. కింద పోర్షను, చుట్టూ ప్రహరీ. ఇంక నా పిల్లని తెచ్చెయ్యండి." ఫోన్ స్పీకర్‌లో ఉంది. నేను అక్కడికక్కడే హాల్లో రెండు స్టెప్పులేశాను. "హమ్మయ్య! మూడు జతల చెప్పులు, ఒక టీవీ రిమోటు తినేసింది. పీడ విరగడైంది" అన్నాను. మా ఆవిడ లక్ష్మి వంటింట్లోకి వెళ్లి బూందీకి రెండో గుడ్డు ఉడకేసింది. రోజూ ఒకటే పెట్టేది.

బూందీ గురించి ఒక సంగతి చెప్పకపోతే పడవల గోల మీకు అర్థం కాదు. రుసైల్‌లో ఒక గోడౌన్ వెనక, తాళం వేసి ఉన్న ఖాళీ కంటైనర్‌లో దొరికిన కుక్క ఇది. లోపలికి ఎప్పుడు దూరిందో, ఎన్ని రోజులు అలా ఉండిపోయిందో ఎవరికీ తెలీదు. వాచ్‌మన్ తలుపు తీసేసరికి లేచి నిలబడే ఓపిక కూడా లేదట. రూతమ్మక్క తెచ్చుకుని బతికించింది. అప్పట్నుంచి దాన్ని ఒంటరిగా పెట్టి తలుపేస్తే చాలు, పిచ్చెత్తిపోతుంది. ఒకసారి ఏసీ ఆన్‌లోనే ఉంచి, కార్లో వదిలి, పాలపాకెట్ కోసం పది నిమిషాలు దిగాం. తిరిగొచ్చేసరికి సీటు బెల్టు రెండు ముక్కలు, దాని మూతంతా నెత్తురు. ఇంట్లోనూ అంతే. ఏడు నెలలూ వీధి తలుపు దగ్గరే పడుకుంది, తలుపు కింద సందులో ముక్కు పెట్టి. సాయంత్రం ఏడింటికి, రూతమ్మక్క డ్యూటీ దిగి వచ్చే టైముకి, లేచి నిలబడేది. ఎనిమిది దాకా చూసి మళ్లీ పడుకునేది. "మేడమ్ గారికి ఇవాళ ఓవర్‌టైమ్ అటే" అని నేను రోజూ దాన్ని ఏడిపించేవాణ్ని.

ఇంక ప్రయాణం ఏర్పాట్లకొస్తాను. కుక్కని రానిచ్చే హోటల్ వెతికి వెతికి విసుగొచ్చింది. నేను అల్ హైల్‌లోనే ఒక వర్క్‌షాప్‌లో డెంటింగ్, పెయింటింగ్ పని చేస్తాను. మా అర్బాబ్, అంటే ఒమానీ యజమాని, దేశం వదిలి వెళ్లిపోతున్న ఎవరో దగ్గర పాత మోటార్‌హోమ్ కొన్నాడు. దాని సొట్టలు తీసింది నేనే, ఏసీ బతికించింది నేనే. సెలవులకి నాలుగు రోజులు ఇమ్మని అడిగితే, "తీసుకుపో. ఏది ఊడినా నువ్వే బిగించాలి" అన్నాడు. లోపల మంచం, చిన్న పొయ్యి, సింకు, నా పొట్టకి సరిపోని స్నానాలగది ఉన్నాయి. అంటే ఇల్లే, కాకపోతే మలుపు తిరిగినప్పుడల్లా గిన్నెలు మాట్లాడతాయి.

మసీరాకి బండితో వెళ్లాలంటే షన్నా అనే రేవు నుంచి దాటాలి. దాటడానికి రెండు దారులున్నాయి. ఒకటి పెద్ద ఫెర్రీ. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు, టైముకి బయల్దేరుతుంది, గంటా గంటన్నరలో దించేస్తుంది. బళ్లు కింది అంతస్తులో, మనుషులు పైన ఏసీ హాల్లో. కుక్క సంగతి ఫోన్ చేసి అడిగితే, బండిలోనే ఉంచి తలుపేసి మీరు పైకి రావాలని మర్యాదగానే చెప్పారు. రెండోది పాత రకం పడవ. పైన కప్పు లేని ఇనప డెక్కు, ముందు నీళ్లలోకి వాలే తలుపు. మా గోదావరి వాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే నర్సాపురం రేవులో సఖినేటిపల్లికి వెళ్లే పంటు, కాకపోతే సముద్రం మీద. దానికి బుకింగు లేదు. బళ్లు నిండాలి, పోటుకి నీళ్లు ఎక్కాలి, అప్పుడు కదుల్తుంది. రెండు గంటలు పట్టొచ్చు, ఎక్కువా పట్టొచ్చు. ఎండ, గాలి, ఉప్పు అన్నీ ఒంటి మీదే. కానీ మన బండి పక్కనే మనం నిలబడొచ్చు. మేం వెళ్లినప్పుడు పెద్ద ఫెర్రీలో మా ఆరున్నర మీటర్ల బండికి, ఇద్దరికి కలిపి ఇరవై రియాల్స్ దాటింది. పంటుకి బండికి పదిహేను అన్నారు, లోపల ఎంతమంది ఉన్నా సరే.

వెళ్లడానికి పంటు, తిరిగి రావడానికి పెద్ద ఫెర్రీ అని తేల్చాను. వచ్చేటప్పుడు కుక్క ఉండదు కదా, ఎండలో మాడడం దేనికని తిరుగు టికెట్లు రెండు ఆ రాత్రే ఫోన్‌లో కొనేశాను. లక్ష్మి ఫోన్ లాక్కుని చూసింది.

"రెండేనా?"

"మరి మూడోది ఎవరికి, డ్రైవర్‌కా?"

"అప్పుడే కొనెయ్యాలా ఏంటండీ, దిగబెట్టకముందే?" అని ఫోన్ నా ఒళ్లోకి విసిరేసింది.

ఆవిణ్ని నవ్వించాలని మర్నాడు ఒక పని చేశాను. ఇక్కడ మనలాంటి ప్రతివాడి జేబులోనూ రెసిడెంట్ కార్డు ఉంటుంది, దాన్ని బతాకా అంటారు. అది లేకపోతే గల్ఫులో మనిషి లెక్క కాదు. మా వీధిలో ఫోటోషాపు అతన్ని పట్టుకుని బూందీకి అచ్చం అలాంటిది కాకపోయినా, చూడగానే నవ్వొచ్చే కార్డొకటి చేయించాను. ఫోటోలో నాలిక బయటికి. పేరు: బూందీ. వృత్తి: వాచ్‌మన్. స్పాన్సర్: సత్తిబాబు, అల్ హైల్. లామినేషన్ కొట్టించి మెళ్లో వేశాను. లక్ష్మి చూసి నవ్వింది గానీ, స్పాన్సర్ పేరు దగ్గర వేలు పెట్టి, "రూతమ్మొదిన కదండీ ఉండాలి?" అంది. "ప్రింటింగ్ మిస్టేకు" అన్నాను.

పొద్దున్న అయిదింటికి బయల్దేరాం. ఎక్కడికి బయల్దేరినా ముందు ఒక చెంచా పెరుగన్నం నోట్లో పడాలి మా ఆవిడకి, ప్రయాణం చల్లగా సాగుతుందని. నాకొక చెంచా, ఆవిడకొక చెంచా, బూందీకి మూడు. ఈలోగా రూతమ్మక్క వీడియోకాల్‌లో ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, నా బూందీని, నా తమ్ముణ్ని, వాడు నడిపే ఆ డొక్కు బండిని కాపాడు" అని గట్టిగా ఆమెన్ అనిపించింది. పెరుగూ పడింది, ప్రార్థనా పడింది, ఇంక మాకేం ఢోకా అనుకున్నాను. రుసైల్ దాటి, బిద్‌బిద్, ఇజ్కి మీదుగా సినావ్‌కి ఎనిమిదిన్నరకి చేరాం. కార్లో అయితే ఇంకా ముందే వెళ్లొచ్చు, మోటార్‌హోమ్‌ని ఎనభై దాటనిస్తే పైకప్పు తలుపు టపటపలాడుతుంది. సినావ్‌లో చాయ్, పరోటా తినండి, బాగుంటాయి. అక్కడ మలయాళీ చాయ్‌వాలా బూందీ కార్డు చదివి, దానికి విడిగా ఒక పరోటా కట్టిచ్చాడు. "స్టాఫ్ కదా" అన్నాడు.

సినావ్ దాటాక ఒకటే రోడ్డు, ఒకటే రంగు. మహూత్‌లో డీజిల్ నింపుకోండి, నీళ్లు పట్టుకోండి, ఆ తర్వాత దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. అక్కణ్నుంచి షన్నా దాకా రెండువైపులా ఉప్పు తేలిన చదును నేల. నీళ్ల అంచున కాళ్లు పొడుగ్గా, గులాబీ రంగులో కొంగల్లాంటి పక్షులు వందల్లో ఉన్నాయి. లక్ష్మి కిటికీ అద్దం దింపి బూందీ తల బయట పెట్టనిచ్చింది. "చూడవే, మీ ఊరు దగ్గరకొచ్చేసింది" అంది దాంతో. నాతో ఆ రోడ్డు మీద గంట నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదు.

పన్నెండున్నరకి రేవు చేరాం. ఒకపక్క పెద్ద ఫెర్రీ తళతళ మెరుస్తూ ఉంది, అరగంటలో బయల్దేరబోతోంది. ఇంకోపక్క పంటు బురదలో బొజ్జ ఆనించి కూర్చుంది. నీళ్లు ఎక్కడానికి మూడవుతుందన్నారు. ఎండ నడినెత్తిన. ఏడున్నర గంటలు డ్రైవింగ్ చేసిన నడుం నాది. నిజం చెప్పొద్దూ, మనసు ఏసీ వైపు లాగింది. టికెట్ కిటికీ దగ్గర అడిగితే ఒక బండికి ఖాళీ ఉందన్నాడు.

"గంటే కదా లక్ష్మీ. ఒక్క గంట ఓర్చుకోలేదా?" అన్నాను.

"మీరే చెప్పండి దానికి" అని ఆవిడ బండి దిగి నిలబడింది. నేనూ దిగాను. బూందీ లోపలుంది. తలుపు మెల్లిగా దగ్గరికి వేశాను, పూర్తిగా కూడా కాదు. సందులోంచి చూశాను. మొరగలేదు, గీరలేదు. కూర్చున్నచోటే ఒణకడం మొదలుపెట్టింది, తోక నుంచి చెవుల దాకా. కార్డు కూడా మెళ్లో టకటకలాడుతోంది. తలుపు తీసేశాను. దాని నాలిక నా మొహమంతా తిరిగింది. పెద్ద ఫెర్రీ హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. మేం బండి నీడలో చాప పరుచుకున్నాం.

ఇక్కడే మా ఆవిడ చారిత్రక తప్పు చేసింది. ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు కాబట్టి నేను రాస్తున్నాను. పంటు ఎక్కబోయే ముందు ఒక పెద్ద గిన్నె నిండా పెరుగన్నం కలిపి బూందీ ముందు పెట్టింది.

"పొద్దున్న పెట్టావుగా?"

"అది రోడ్డుకండీ. ఇది పడవకి. పడవెక్కడమంటే వేరే ప్రయాణం కాదా?"

బూందీ గిన్నె అడుగు దాకా నాకేసింది.

పంటు మీదికి బళ్లు ఎక్కించే ఆయన పేరు సాలెం. నా వయసే ఉంటుంది, లుంగీ, తలకి చుట్టిన శాలువా, మూతి మీద నవ్వన్నది లేదు. గల్ఫులో అందరం మాట్లాడే ఆ అరకొర హిందీలో మాట్లాడుకున్నాం, మీకు తెలుగులో చెబుతాను. బూందీ మెళ్లో కార్డు చూసి చెయ్యి చాపాడు. నేను ముసిముసిగా నవ్వుతూ తీసిచ్చాను. వెనకా ముందూ తిప్పి చూశాడు.

"వాచ్‌మన్ అని ఉంది. మసీరాలో వాచ్‌మన్ పనికి పర్మిట్ ఏదీ?"

"సదీక్, అది ఊరికే, తమాషాకి..." అన్నాను. సదీక్ అంటే స్నేహితుడా అని.

"ఎక్స్‌పైరీ నిన్నటితో అయిపోయింది. చూసుకోలేదా?"

ఏ తారీఖు వేయించానో నాకే గుర్తులేదు. ఫోటోషాపు వాడు నోటికొచ్చింది కొట్టాడు. సాలెం జేబులోంచి ఫోన్ తీసి, "కార్డులు తయారుచేస్తావా నువ్వు? పోలీసుని పిలవనా?" అన్నాడు. ఉద్యోగం, వీసా, అర్బాబ్ మొహం, పిఠాపురంలో మా అమ్మ అన్నీ కళ్లముందు తిరిగాయి. "సదీక్, కుక్క సదీక్, కుక్క" అని తప్ప ఇంకో మాట రావట్లేదు. అప్పుడు ఆయన మీసం ఒక పక్క కదిలింది. వెనక లారీల వాళ్లందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. సాలెం కార్డుని బూందీ మెళ్లో తనే వేసి, దాని తల మీద కాకుండా నా తల మీద తట్టి, "యల్లా, ఎక్కించు" అన్నాడు.

లక్ష్మి నవ్వలేక కడుపు పట్టుకుని బండి మెట్టు మీద కూలబడింది. "పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. మీ మొహం అలా చూట్టానికి నేనే డబ్బులిచ్చేదాన్ని" అంది. సినావ్ తర్వాత ఆవిడ నాతో నవ్వుతూ అన్న మొదటి మాట అదే.

పంటు మీదికి బండిని వెనక్కి ఎక్కించాలి, అవతల దిగేటప్పుడు ముందుకు పోవాలి కాబట్టి. కారుకైతే బాధలేదు. మోటార్‌హోమ్‌కి తోక పొడుగు, వాలు దగ్గర కింద రాసుకుంటుంది. సాలెం రెండు చెక్కలు చక్రాల కింద వేయించి, సైగలతో అంగుళం అంగుళం ఎక్కించాడు. మీరు వెళ్తే చెక్కలు అడగడానికి మొహమాటపడకండి. మూడూ పదికి నీళ్లు లేపాయి, పంటు కదిలింది.

మొదటి అరగంట బ్రహ్మాండం. బూందీ డెక్కు మీద ముందు కాళ్లు రెయిలింగ్ దగ్గర పెట్టి, చెవులు వెనక్కి ఎగరేసుకుని, తనే నడుపుతున్నట్టు నిలబడింది. తర్వాత గాలి తిరిగింది. పంటు పక్కలకి ఊగింది. బూందీ వెనక్కొచ్చి నా ఒళ్లో కూర్చుంది. నోరు రెండుసార్లు చప్పరించింది. ఆ తర్వాత రోడ్డు పెరుగన్నం, పడవ పెరుగన్నం, సినావ్ పరోటా వరసగా నా ప్యాంటు మీదికి దిగాయి.

"చల్లగా సాగుతోంది ప్రయాణం" అన్నాను లక్ష్మితో.

పక్క లారీ నీడలో ఒక ముసలి జాలరి పెద్దాయన వలలు కట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన నమాజు చేసుకునే మనిషి కదా, కుక్క తగిలితే ఇబ్బందని నేను దూరం జరగబోయాను. ఆయన కూర్చున్నచోటు నుంచే చెయ్యి ఊపి, డెక్కు మధ్యలోకి చూపించాడు. "ముందు కాదు, పక్కన కాదు, మధ్యలో. పడవ మధ్యలో తక్కువ ఊగుతుంది. దూరంగా గట్టు కనపడేలా కూర్చోబెట్టు" అన్నాడు. అలాగే చేశాం. రెండు బళ్ల మధ్య సందులో, నేను ఒకవైపు, లక్ష్మి ఒకవైపు, మధ్యలో బూందీ. పది నిమిషాల్లో కుదుటపడింది. తల లక్ష్మి ఒళ్లో, తోక నా కాలి మీద. మిగిలిన గంటంపావూ అలాగే కదలకుండా కూర్చున్నాం. లక్ష్మి దాని చెవులు నిమురుతోంది. నేను ప్యాంటు ఆరబెట్టుకుంటున్నాను. ఇంకొంచెం నెమ్మదిగా వెళ్తే బాగుండుననిపించింది, ఆ వాసనలో కూడా.

అయిదింటికి మసీరాలో, హిల్ఫ్ రేవులో దిగాం. రూతమ్మక్క డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చింది. బూందీ మొదట గుర్తుపట్టలేదు, ఆవిడ చెప్పులు వాసన చూసింది. తర్వాత చేతిసంచీ. తర్వాత ఒక కూత పెట్టింది, ఏడు నెలల్లో నేనెప్పుడూ వినని కూత. రూతమ్మక్క రేవులో అందరిముందూ నేల మీద కూర్చుండిపోయింది. కాసేపయ్యాక తలెత్తి, "ఒరే సత్తీ, నీ దగ్గర ఈ కంపేంట్రా?" అంది.

రాత్రి వంజరం పులుసుతో అన్నం తింటూ ఆవిడ కార్డు చదివింది. "ఇదేంటి, కుక్క నాది, స్పాన్సర్ నువ్వా?"

"రూల్ అక్కా. ఏడు నెలలు తిండి పెట్టింది నేను. ఇప్పుడు నీ దగ్గరికి మారాలంటే నా ఎన్‌ఓసీ కావాలి."

గల్ఫులో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను. పాత యజమాని 'నాకు అభ్యంతరం లేదు' అని రాసిచ్చే కాగితం అది. ఇప్పుడు రూల్స్ మారాయి గానీ, ఒకప్పుడు అది లేకపోతే ఇంకో కంపెనీకి మారలేకపోయేవాళ్లం. రూతమ్మక్క పడీపడీ నవ్వింది. "అయితే ఎప్పుడిస్తావ్?" అంది. "ఈద్ సెలవులు, ఆఫీసు మూత" అన్నాను. మర్నాడు మళ్లీ అడిగింది. "మేనేజర్ సైట్‌లో ఉన్నాడు" అన్నాను. ఆ రోజు దీవి చుట్టూ తిరిగాం. రోడ్డు బాగుంది, గాలి మాత్రం బండిని తోసేస్తుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలున్నాయి, అటువైపు కుక్కల్ని తీసుకెళ్లకండి, ఏ తీరమో ఊళ్లో అడిగితే చెబుతారు. సాయంత్రం మూడోసారి అడిగితే, "స్టాంపు పోయింది" అన్నాను. ఈసారి రూతమ్మక్క నవ్వలేదు. లక్ష్మి కూడా నవ్వలేదు.

మూడో రోజు పొద్దున్న, డ్యూటీకి వెళ్లేముందు అక్క మోటార్‌హోమ్ మెట్టు మీద నా పక్కన కూర్చుంది. మా ఫెర్రీ పదింటికి.

"సత్తీ, వేళాకోళం ఆపి చెప్పు. దిగబెట్టలేకపోతున్నావా?"

"అబ్బే, నాకేంటక్కా..."

"ఒరే, నాకు తెలుసు. లక్ష్మి అయితే రెండు రోజులుగా దాన్ని ఒళ్లోంచి దించలేదు. మీ ఇద్దరికీ అదే ఇల్లంతా అయిపోయింది. తీసుకెళ్లిపోతానంటే తీసుకెళ్లిపో. నేను నైట్ డ్యూటీలు చేసేదాన్ని, ఒంటరిదాన్ని. ఏమీ అనుకోను. ప్రభువు మీద ఒట్టు."

ఆవిడ ఊరికే ఒట్టు వెయ్యదు. అందుకే ఆ మాట నిజమని తెలిసింది. అవునక్కా అంటే చాలు, బూందీ నాది. లేచి నీళ్లు తాగే వంకతో ఇంట్లోకి వెళ్లాను. వీధి తలుపు బార్లా తీసి ఉంది. బూందీ తలుపు దగ్గర లేదు. హాలు మధ్యలో, తలుపుకి వీపు పెట్టి, నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి, పొట్ట కనిపించేలా వెల్లకిలా పడుకుంది. గురక కూడా పెడుతోంది. మా ఇంట్లో ఏడు నెలల్లో ఒక్కరోజు అలా పడుకోలేదు. లక్ష్మి గోడకి ఆనుకుని దాన్నే చూస్తోంది. నన్ను చూసి, నెమ్మదిగా, "ముక్కు సందులో పెట్టట్లేదండీ" అంది.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. ఇంగ్లీషులో చూడకుండా రాయగలిగిన ఉత్తరం నాకు ఒక్కటే వచ్చు, అది ఎన్‌ఓసీ. ఈ వర్క్‌షాప్‌కి రాకముందు ఒక కంపెనీలో ఉండేవాణ్ని. అక్కడి మేనేజర్ ఎన్‌ఓసీ ఇవ్వకుండా నన్ను రెండేళ్లు తిప్పాడు. ఇవాళ ఆఫీసు మూత, ఇవాళ సైట్‌లో ఉన్నాను, ఇవాళ స్టాంపు లేదు. ఆ కాగితం టైపు చేయించి, సంతకం కోసం చొక్కా జేబులో పెట్టుకుని రెండేళ్లు తిరిగాను. మడతలు చిరిగితే మళ్లీ టైపు చేయించేవాణ్ని. ఒక్కో అక్షరం నోటికి వచ్చేసింది. మూడు రోజులుగా రూతమ్మక్కకి నేను చెబుతున్న సాకులు ఎవరివో హాల్లో నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది.

లక్ష్మి సామాన్ల చిట్టా పుస్తకంలోంచి ఒక కాగితం చింపాను. 'టు హూమ్ సో ఎవర్ ఇట్ మే కన్సర్న్' అని పైన రాశాను. బూందీ అను ఈ వాచ్‌మన్ నా వద్ద ఏడు నెలలు పనిచేసినది, నడవడి మంచిది, చెప్పుల విషయంలో తప్ప ఫిర్యాదులు లేవు, ఈమె రూతమ్మ గారి వద్దకు మారుటకు నాకు ఏ అభ్యంతరమూ లేదు. కింద సంతకం పెట్టి బయటికి తెచ్చిచ్చాను. అక్క చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

"స్టాంపేదిరా?"

ఆ టైముకి లక్ష్మి మా ప్రయాణం పెరుగన్నం కలుపుతోంది. నాకో చెంచా, ఆవిడకో చెంచా అయ్యాక, అలవాటుగా మూడో ముద్ద బూందీ గిన్నెలో వేసింది.

"అది ఎక్కడికీ వెళ్లట్లేదు కదే" అంది రూతమ్మక్క.

"ఏమో వదినా, చేతికి ఆ లెక్క అలవాటైపోయింది."

బూందీ లేచొచ్చి, గిన్నెలో కాలేసి మరీ తింది. ఆ పెరుగు కాలే పట్టుకుని కాగితం మీద నొక్కాను. అంతకన్నా మంచి స్టాంపు ఏ ఆఫీసులో ఉంది?

తిరుగు ప్రయాణంలో పెద్ద ఫెర్రీ నిజంగానే బాగుంది. మెత్తటి సీట్లు, చల్లటి ఏసీ, ఊగడం తక్కువ. కిటికీలోంచి చూస్తే దూరంగా పంటు ఎదురొస్తోంది, లారీల మధ్య మనుషులు చిన్నచిన్నగా కూర్చుని ఉన్నారు. ఏడు నెలలు నేను దాన్ని ఓవర్‌టైమ్ అని ఏడిపించాను గానీ, బూందీ నా ఇంట్లో డ్యూటీయే చేసింది. తలుపు కాసింది, ఆవిడ కోసం. ఇప్పుడు డ్యూటీ దిగింది. సాయంత్రం ఏడింటికి, మేం ఇంకా రోడ్డు మీదుండగా, రూతమ్మక్క ఒక ఫోటో పంపింది. ఎన్‌ఓసీని గోడకి అంటించింది, దాని కింద బూందీ ఆవిడ కొత్త చెప్పు నములుతోంది. లక్ష్మికి చూపించాను. అప్పటిదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్న మనిషి, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, నవ్వి, ఆ ఫోటోని పెద్దది చేసి చాలాసేపు చూసింది.

చివరగా ఒక్క చిట్కా. కుక్కతో వెళ్లేవాళ్లు పంటు ఎక్కి, డెక్కు మధ్యలో గట్టు కనపడేచోట దాని పక్కన కూర్చోండి. పెరుగన్నం మాత్రం అవతలి రేవులో దిగాక పెట్టండి.